భద్రమైన చోటు

ఆడవాళ్ల బ్యారక్ ముందున్న వాకిలి ఈ గోడ నుంచి ఆ గోడకు ఇరవై రెండు అంగలు. నేనెప్పుడూ కొలవలేదు. ఆమె నడుస్తుంటే చూసి చూసి తెలిసింది. పొద్దున తాళం తీయగానే మొదలుపెట్టేది. సాయంత్రం తాళం వేసేదాకా ఆగేది కాదు. అన్నం కూడా నిలబడే తినేది, ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి ఒరుగుతూ. మిగతా ఆడవాళ్లు మొదట్లో నవ్వారు, తర్వాత విసుక్కున్నారు, ఆ తర్వాత ఆమె అడ్డం వస్తే కాళ్లు ముడుచుకుని దారివ్వడం అలవాటు చేసుకున్నారు. నేను ఆ జైల్లో ఆడవాళ్ల వార్డర్‌ని. ఐదేళ్లు ఆ నడక చూశాను.

ఆ జైలు ఏ ఊళ్లోదో ఇక్కడ రాయను. అందులో నాతో పనిచేసినవాళ్లలో చాలామంది మంచివాళ్లు. మాది కల్లూరు దగ్గర పల్లె. నాన్న చర్చి బడిలో పంతులు. నాకు ఈ ఉద్యోగం వచ్చినప్పుడు అమ్మ ఏడ్చింది, నాన్న మాత్రం ఎక్కడైనా పని పనే అన్నాడు. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్. మాకు ఒక్కతే కూతురు. ఆ రోజుల్లో నాకు ముప్పై దాటలేదు.

ఆమెది భద్రాచలం అవతల అడవిలో, వాగు పక్కన ఒక చిన్న కోయగూడెం. నాకంటే నాలుగైదేళ్లు చిన్నది. పురుడైన పన్నెండో రోజున పసిబిడ్డను ఎత్తుకుని వాగులోకి దిగింది. కాస్త దూరంలో చేపలు పడుతున్నవాళ్లు చూసి పరుగెత్తుకొచ్చేసరికి తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. పోలీసులు హత్య కేసు రాశారు. మా దగ్గరికి తెచ్చిననాడు ఆమె జాకెట్టు పాలతో తడిసి ఉంది. అది చూసి నేను వంటింటి వైపు వెళ్లిపోయాను. నా కూతురికి అప్పుడు రెండేళ్లు.

వచ్చిన కొత్తలో ఆమె మూలకు మొహం పెట్టి కూర్చునేది. పిలిస్తే పలికేది కాదు, తల తిప్పేది కాదు. కాగితాల్లో ఉన్న పేరుతో నేను రోజూ పిలిచేదాన్ని. పేరు పిలిచినా చలనం లేదంటే మతి పూర్తిగా పోయినట్టేనని అందరం అనుకున్నాం. ఆమెకు తెలుగు రాదో, వచ్చినా మాట్లాడదో మాకు తెలియదు. కోయ భాష తెలిసినవాళ్లు మగవాళ్ల వైపు ఒకరిద్దరు ఉండేవాళ్లు. వాళ్లను ఆడవాళ్ల వైపు రానివ్వరు. ఆమెను అటు తీసుకెళ్దామని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

కేసు కోర్టులో ఏడాదికి పైగా సాగింది. తీర్పు రోజున నేనే వెంట వెళ్లాను. జడ్జిగారు చదువుతుంటే నాకు సగమే అర్థమైంది. ఆ సమయంలో తాను ఏం చేస్తున్నదీ ఆమెకు తెలియదు, కాబట్టి నేరం లేదు అన్నంతవరకు విన్నాను. తిరిగి వచ్చాక మా జైలరుగారి గదికి వెళ్లాను.

"సార్, ఇగ ఈమెను ఇంటికి పంపుడే గదా?"

"ఇంటికేందమ్మా. కాగితం సగమే విన్నవా? నేరం లేదన్నరు. భద్రమైన చోట ఉంచుమన్నరు."

"భద్రమైన చోటంటే ఏది సార్?"

ఆయన చేత్తో చుట్టూ ఉన్న గోడలు చూపించారు. "మనకు తెలిసింది గిదే."

అట్లా నేరం లేని మనిషి మా దగ్గరే ఉండిపోయింది. నేరం చేసినవాళ్లు శిక్ష అయిపోగానే మూట కట్టుకుని వెళ్లేవాళ్లు. ఆమెకు శిక్ష లేదు కాబట్టి అది అయిపోయే రోజు కూడా లేదు.

జైలుకు వారానికి ఒకసారి డాక్టరుగారు వచ్చేవారు. జ్వరాలు, గాయాలు, గజ్జి చూసే మనిషి. మతి చెడినవాళ్లకు మందివ్వడం తన చదువు కాదని ఆయనే అనేవారు. కానీ ఇంకెవరూ లేరు. ఆమె వచ్చిన కొత్తలోనే, కూర్చున్నచోటు నుంచి లేవడం లేదని, తిండి మానేసిందని చెబితే, పుస్తకం చూసి ఒక సూది రాశారు. కాంపౌండరు సూది వేయడానికి వస్తే ఆమె మొదటిసారి గట్టిగా అరిచింది. నేను ఆమె రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకున్నాను. ఆ తర్వాత నెలకు రెండుసార్లు ఆ పని నాదే అయింది.

సూది పడ్డాక తిండి తిన్నది. అరుపులు పోయాయి. తర్వాత నడక వచ్చింది.

డాక్టరుగారు గేటు దగ్గర నిలబడి అడిగేవారు, "ఎట్లుంది?"

"తిరుగుతనే ఉంది సార్. ఒక్కకాడ కూసోదు."

ఆయన మందు పెంచేవారు. ఆరు నెలలకోసారి పైకి ఒక నివేదిక వెళ్లేది. అందులో ఒకే వాక్యం: మార్పు లేదు. ఆ వాక్యం రాసేది జైలరుగారు, సంతకం పెట్టేది డాక్టరుగారు, కానీ దాని వెనక ఉన్న మాట నాది. ఆమెను రోజంతా చూసేది నేనొక్కదాన్నే కదా.

ఆ ఐదేళ్లలో నాకూ ఏదో అయింది. ఇంట్లో కూరగాయలు కోస్తూ కోస్తూ లేచి వెళ్లి తలుపు గడియ చూసి వచ్చేదాన్ని. చర్చిలో కూర్చుంటే పాట మధ్యలో లేచి బయటికి పోవాలనిపించేది.

"ఏందే, గడియ పెట్టే ఉంది గదా," అనేవాడు మా ఆయన.

"అవ్, ఉంది," అనేదాన్ని. కాసేపటికి మళ్లీ లేచేదాన్ని.

తొంభైల మొదట్లో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. జైలరుగారు మా అందరినీ పిలిచి చదివి వినిపించారు. మతి స్థిమితం లేదన్న కారణంతో ఎవరినీ ఇకపై జైల్లో ఉంచకూడదు. నేరం చేసినవాళ్లయినా, కేసు తేలినవాళ్లయినా, జబ్బుంటే చూడవలసింది మానసిక వైద్యశాల. జైలు కాదు. ఆయన చదవడం ఆపి నావైపు చూశారు. "నీ తిరిగే మనిషి పోతది," అన్నారు. నాకు తేలికగా అనిపించాలి. కానీ ఆ రోజంతా వాకిట్లో ఆమె వెనకే నా చూపు తిరిగింది.

ఉత్తర్వు వచ్చినంత తేలికగా మనిషి కదల్లేదు. పట్నంలోని ఆసుపత్రివాళ్లు జాబు రాశారు, ఖైదీ అయితే కాపలాతో పంపాలి, కాపలా లేకుండా చేర్చుకోం అని. మావాళ్లు తిరిగి రాశారు, ఆమె ఖైదీ కాదు, నిర్దోషి, మీ ఆసుపత్రిలో మా కాపలా ఎందుకు అని. ఖైదీ కాకపోతే ఇన్నేళ్లు జైల్లో ఎందుకుందని వాళ్లు అడిగారు. పోలీసులను ఎస్కార్ట్ ఇమ్మంటే ఎన్నికల పని ఉందన్నారు. నాలుగు నెలలు కాగితాలు అటూ ఇటూ తిరిగాయి. చివరికి ఒక హెడ్ కానిస్టేబుల్‌ని ఇచ్చారు. ఆసుపత్రిలో కాపలాగా మొదటి నెలలు నేనుండేట్టు ఒప్పందమైంది. కూతుర్ని మా అత్తగారి దగ్గర వదిలి బయల్దేరాను.

పొద్దున ప్యాసింజరు బండి. ఆమె చేతికి బేడీ, గొలుసు రెండో కొస హెడ్ కానిస్టేబుల్ చేతిలో. డోర్నకల్ రాకముందే ఆయన విసిగిపోయాడు. ఆమె కూర్చోదు. కూర్చోబెడితే రెండు నిమిషాల్లో లేస్తుంది, కాళ్లు నేలకేసి రాస్తుంది, గొలుసు లాగుతుంది.

"కిటికీ చువ్వకు కట్టేస్త," అన్నాడాయన.

"వద్దు సార్. గొలుసు నాకియ్యండి."

"పారిపోతే?"

"నడిచే బండిల నుంచి ఏడికి పోతది?"

గొలుసు తీసుకుని ఆమెతో పాటు నేనూ నడిచాను. డబ్బా ఈ తలుపు నుంచి ఆ తలుపుదాకా, మళ్లీ వెనక్కి. మూటలు, కోళ్ల గంపలు, కాళ్లు చాపి పడుకున్న ముసలివాళ్లను దాటుకుంటూ. ఒక ముసలాయన, "ఏమైందమ్మా ఆ పిల్లకు?" అని అడిగాడు. దవాఖానకు తీసుకుపోతున్నం అని చెప్పాను. వరంగల్ దాటాక నా కాళ్లు వాచాయి. ఆమె నుదుటి మీద చెమట కారుతోంది. అప్పుడు మొదటిసారి దగ్గరగా ఆమె మొహం చూశాను. ఆ మొహంలో నేను అనుకున్న పిచ్చి లేదు. బాగా అలసిపోయి, కూర్చోవాలని ఉండి, కూర్చోలేకపోతున్న మనిషి మొహం అది.

ఆసుపత్రిలో ఆమెను చేర్చుకున్న డాక్టరు ఒక ఆడమనిషి. నెరిసిన జుట్టు, నెమ్మదైన గొంతు. ముందు బేడీ తీయించింది. హెడ్ కానిస్టేబుల్ ఒప్పుకోలేదు. "ఇక్కడ సంతకం నాది, బాధ్యత నాది," అన్నది డాక్టరు. ఆయన బేడీ తీసి జేబులో వేసుకుని, రసీదు రాయించుకుని, సాయంత్రం బండికి వెళ్లిపోయాడు.

డాక్టరు ఆమెను చాలాసేపు చూసింది. చేయి వంచి చాపింది, నడవమంది, ఆగమంది. తర్వాత నావైపు తిరిగింది.

"ఎప్పటి నుంచి ఇలా నడుస్తోంది?"

"ఐదేండ్ల సంది మేడం."

"సూది మొదలుపెట్టక ముందు నడిచేదా?"

నేను జవాబు చెప్పబోయి ఆగిపోయాను. మూల. గోడకు మొహం. కదలకుండా కూర్చున్న మనిషి. ఆ తర్వాత సూది. ఆ తర్వాత నడక. ఈ మూడూ నా కళ్లముందే వరసగా జరిగాయి. ఏ రోజూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడలేదు.

"లేదు మేడం. అంతకుముందు కూసునే ఉండేది."

"నడుస్తోందని చెబితే మందు పెంచారా?"

"అవ్ మేడం."

డాక్టరు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆ మందు కొందరిలో ఇలా చేస్తుందని చెప్పింది. కాళ్లలో, ఒంట్లో ఒక తపన పుడుతుందట. నిలవనీయదు, కూర్చోనీయదు. చూసేవాళ్లు జబ్బు ముదిరిందనుకుని మందు పెంచుతారు, తపన ఇంకా పెరుగుతుంది. "మీ డాక్టరుకు ఇది చెప్పేవాళ్లు ఎవరూ లేకపోయి ఉంటారు," అన్నది. సూది ఆపేసింది. ఒక మాత్ర, దానికి తోడు తపన తగ్గించే ఇంకో మాత్ర రాసింది.

నాకు వార్డు చివర ఒక స్టూలు వేశారు. జైలరుగారి దగ్గర్నుంచి జాబు వచ్చింది, బేడీ తీశారని తెలిసింది, మనిషి తప్పించుకుంటే నీ ఉద్యోగం పోతుంది, జాగ్రత్త అని. ఆ జాబు జాకెట్టులో పెట్టుకుని రోజంతా ఆమెను చూస్తూ కూర్చున్నాను. నీళ్లు తాగడానికి వెళ్లాలన్నా భయమే. ఒకరోజు స్నానం చేసి వచ్చేసరికి మంచం ఖాళీ. వార్డు చివరిదాకా పరుగెత్తాను, బావి దగ్గరికి, గేటు దగ్గరికి వెళ్లాను. కాపలావాడు ఎవరూ బయటికి పోలేదన్నాడు. చివరికి వంటశాల వెనక కనబడింది. నేల మీద, రెండు కాళ్లూ చాపుకుని కూర్చుని ఉంది. పక్కన ఒక ముసలామె. ఇద్దరి మధ్యా చింతపండు కుప్ప. గింజలు తీస్తున్నారు.

కూర్చుని ఉంది. నన్ను చూసి కూడా లేవలేదు.

ఆ ముసలామె ఆసుపత్రిలో మనిషే. ఎప్పుడో బాగైంది, తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు, అక్కడే ఉండిపోయి వంటశాలలో సాయం చేస్తోంది. ఆమెదీ గోదావరి అవతలి అడవే. కోయ భాష మాట్లాడుతుంది.

"నీ పిల్ల పేరు తప్పు పిలుస్తున్నరు," అన్నది ముసలామె నాతో.

"కాగితంల అదే ఉంది అవ్వా."

"కాగితం తప్పు. అది దీని పేరు గాదు, దీని ఇంటిపేరు సగం, అత్త పేరు సగం." అని అసలు పేరు చెప్పింది. ఆ పేరుతో పిలిచాను. ఆమె తలెత్తి నావైపు చూసింది. ఐదేళ్లలో నా పిలుపుకు ఆమె తలెత్తడం అదే మొదలు. నేను "అన్నం తిన్నవా?" అని అడిగాను.

ఆ తర్వాత రోజులు బాగుండాలి. ఒక రకంగా బాగున్నాయి కూడా. ఆమె పడుకునేది, లేచేది, కూర్చునేది, తల దువ్వుకునేది. కానీ మతి తేటపడిన కొద్దీ ఇంకొకటి మొదలైంది. బిడ్డ గుర్తుకొచ్చింది. ఒక మధ్యాహ్నం ముసలామె వచ్చి డాక్టరును పిలిపించింది. ఆమె తన మంచం మీద మోకాళ్లు పట్టుకుని కూర్చుని ఏడుస్తోంది. డాక్టరు పక్కన కూర్చుంది. ఆమె కోయలో చెప్పింది, ముసలామె దాన్ని తెలుగులో చెప్పింది, మధ్యలో ఆపుతూ.

బిడ్డ ఒళ్లు కాలిపోతున్నట్టు అనిపించిందట. చర్మం లోపల నిప్పు ఉన్నట్టు కనబడిందట. గూడెంలో ఎవరికి చెప్పినా ఏం లేదన్నారు. నీళ్లలో పెడితే చల్లబడతాడనుకుంది. పెట్టింది. ఇంకా కాలుతున్నాడనుకుని ఇంకా లోపలికి దిగింది.

డాక్టరు ఆమె చేయి పట్టుకుంది. "అది నువ్వు చేసింది కాదమ్మా. జబ్బు చేయించింది. పురుడైనవాళ్లకు కొందరికి వస్తుంది. అప్పుడే ఎవరైనా చూసి ఉంటే తగ్గేది," అన్నది. ముసలామె ఆ మాట కోయలో చెప్పింది. ఆమె విన్నది. నమ్మిందో లేదో నేను చెప్పలేను. నేను స్టూలు ఇంకొంచెం దూరం జరుపుకున్నాను, తర్వాత మళ్లీ దగ్గరికి తెచ్చుకున్నాను. ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు.

కొన్నాళ్లకు ఆమెకు తెలుగు మాటలు వచ్చాయి. ముందే వచ్చేవేమో, అప్పుడు బయటపడ్డాయి. ఒకరోజు మాత్రలు ఇస్తుంటే నా చేతులు చూసి అన్నది:

"నువ్వే పట్టుకున్నవ్."

"దేన్ని?"

ఆమె తన రెండు చేతులు వెనక్కి పెట్టి చూపించింది.

"అవ్," అన్నాను. "నేనే."

"ఎందుకు?"

డాక్టరు రాసిండు, పైవాళ్లు చెప్పిన్రు, నా డ్యూటీ. ఇవన్నీ నోటిదాకా వచ్చాయి. "తెల్వక పట్టుకున్న," అన్నాను. ఆమె మాత్రలు మింగి నీళ్లు తాగింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నేనూ క్షమించమని అడగలేదు. అడిగితే ఆ బరువు కూడా ఆమె మీదే పడుతుందనిపించింది.

ఎనిమిది నెలలకు డాక్టరు, ఈమెను ఇంటికి పంపవచ్చు అని రాసిచ్చింది. సొంతవాళ్లు వచ్చి చూసుకుంటామని పూచీ ఇస్తేనే ప్రభుత్వం విడుదల చేస్తుంది. ఆసుపత్రి నుంచి గూడేనికి రెండు జాబులు వెళ్లాయి. ఆఫీసువాళ్లు రెండింటిలోనూ కాగితాల్లోని పేరే రాశారు. ఆ పేరు మనిషి ఇక్కడ లేదని రెండూ తిరిగొచ్చాయని డాక్టరు నాకు జాబు రాసింది. ముసలామె కథ నా కళ్లముందు ఉంది. ఎవరూ రాకపోతే ఈమె కూడా అట్లాగే చింతపండు గింజలు తీస్తూ ముసలిదైపోతుంది. తాళం మారుతుంది, అంతే. అప్పటికి నా కాపలా అయిపోయి నేను జైలుకు తిరిగొచ్చాను. జైలరుగారిని వారం సెలవు అడిగాను.

"నీకెందుకమ్మా? మన చేతుల్నుంచి పోయింది గదా," అన్నారు.

"పోలే సార్," అన్నాను. ఆయన సెలవు కాగితం మీద సంతకం పెట్టారు.

మా ఆయన కూడా వచ్చాడు. భద్రాచలందాకా బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు, ఆపైన వెదురు లారీ మీద కొంత, తర్వాత నడక. గూడెంలో ఆమె అసలు పేరు చెప్పగానే ఒక ఇంటి ముందు తాడు పేనుతున్న మనిషి లేచి నిలబడ్డాడు. ఆమె అన్న.

"యాడ జూసిన్రు ఆమెను?"

"పట్నంల, దవాఖానల. బాగుంది అన్నా."

ఆయన మళ్లీ కూర్చున్నాడు. చేతిలో తాడు వదల్లేదు. "రెండేండ్ల కింద జైలుకు వచ్చిన," అన్నాడు. "గేటుకాడ పేరు చెప్పిన. ఆ పేరు మనిషి లేదన్నరు. రెండు దినాలు ఆడనే ఉన్న. లేదు పో అన్నరు. చచ్చిపోయిందనుకున్నం. దినాలు చేసినం. ఆమె పేరు మీద రాయి నిలబెట్టినం."

ఆయన వచ్చిన ఆ రెండు రోజులు నేను డ్యూటీలోనే ఉండి ఉంటాను. గేటుకు, ఆడవాళ్ల బ్యారక్‌కు మధ్య ఒక వాకిలి, రెండు తలుపులు. ఆమె లోపల నడుస్తూ ఉంది. ఆయన బయట కూర్చుని ఉన్నాడు. మధ్యలో తప్పు పేరు ఒకటి.

మా ఆయన జరిగిందంతా వివరంగా చెప్పాడు. ఆమె మొగుడు ఇంకో పెళ్లి చేసుకుని వేరే ఊరు పోయాడు, అక్కడికి పోవడం కుదరదు అన్నాడు అన్న. తన ఇంటికైనా తీసుకురావచ్చా అంటే ఊరిపెద్దను అడగాలి. బిడ్డను పోగొట్టిన మనిషి, పైగా దినాలు చేసిన మనిషి. గూడెంలో బాలింతలు ఇద్దరున్నారు, వాళ్లు భయపడతారు. సాయంత్రానికి పెద్దలు కూడారు. నన్ను మాట్లాడమన్నారు. డాక్టరు నాకు చెప్పిందంతా వాళ్లకు చెప్పాను. జబ్బు ఎట్లా వస్తుంది, మాత్రలు ఆపితే ఏమవుతుంది, ఏ గుర్తులు కనబడితే జల్దీ తీసుకురావాలి. ఒక బాలింత అత్త లేచి, "మా కోడలికి గట్ల రాకుండ ఏం జెయ్యాలె?" అని అడిగింది. నిద్ర పోనియ్యండి, ఒంటరిగ వదలకండి, వింత మాటలు మాట్లాడితే నవ్వకండి, దవాఖానకు తీసుకరండి అన్నాను.

అన్న ఊరిపెద్దను అడిగాడు, "ఆ రాయి ఏం జెయ్యాలె?"

పెద్ద ఆయన వైపు తిరిగాడు. "రాయి తీసేద్దాం. తీసేటప్పుడు ఏం జెయ్యాల్నో చేద్దాం. నువ్వు పోయి మనిషిని తీసుకరా."

మూడు వారాలకు అన్న పట్నం వచ్చాడు. పూచీ కాగితం మీద వేలిముద్ర వేశాడు. చెల్లెల్ని చూడగానే దగ్గరికి వచ్చాడు. ఆమె భుజం మీద చెయ్యి వేసి, తీసి, మళ్లీ వేశాడు. ముసలామె గేటుదాకా వచ్చింది. గేటు దాటడానికి మాత్రం ఒప్పుకోలేదు.

ఇంటికి పోయినంత మాత్రాన అయిపోలేదు. మాత్రలు పట్నంలోనే దొరికేవి. ఆ అడవి నుంచి నెలనెలా పట్నం ఎవరు పోతారు? డాక్టరు నెలకు సరిపడా మాత్రలు పోస్టులో నాకు పంపేది. మా ఆయన పొట్లం కట్టి భద్రాచలం పోయే డ్రైవరు చేతికిచ్చేవాడు. అన్న వారం సంతకు వచ్చినప్పుడు తీసుకునేవాడు. ఒక వానాకాలం వాగులు పొంగి రెండు నెలలు పొట్లం చేరలేదు. ఆ రెండు నెలలు నేను ఇంట్లో ఉన్నా జైల్లో ఉన్నా మనసు అక్కడే. మూడో నెల అన్న వచ్చి చెప్పాడు, ఆమె నిద్ర మానేసింది, మళ్లీ మూలకు చేరింది, ఇప్పుడు మాత్రలు వేస్తే తగ్గుతోంది అని. దాని తర్వాత పట్నం డాక్టరు భద్రాచలం ఆసుపత్రివాళ్లకు రాసి, అడిగి, మళ్లీ రాసి, చివరికి అక్కడే మాత్రలు ఉండేట్టు చేసింది.

మా జైల్లో కూడా కొంత మారింది. మతి సరిగా లేదనుకున్నవాళ్లను చూడటానికి నెలకోసారి మానసిక డాక్టరు రావడం మొదలైంది. రాని నెలలు కూడా ఉండేవి. కొత్తగా వచ్చే ఆడవాళ్ల పేరు నేను వాళ్ల నోటితోనే చెప్పించి, కాగితంతో సరిచూసేదాన్ని. ఒకసారి కాంపౌండరు సూదితో వచ్చి, పట్టుకో అంటే, ఈమెను చూసే డాక్టరు రాసిన కాగితం ఏది అని అడిగాను. ఆయనకు కోపం వచ్చింది. జైలరుగారి దాకా పోయింది. మెమో ఇచ్చారు. ఆ మెమో ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

ఆమెను ఆ తర్వాత ఒక్కసారే చూశాను. మా ఆయన చుట్టాల పెళ్లికి అటు వెళ్లి, సంత రోజున బస్సు కోసం నిలబడ్డాం. దూరంగా ఆమె తన వదినతో కలిసి, విస్తర్లు కుట్టే అడ్డాకుల కట్టలు పెట్టుకుని కూర్చుని ఉంది. కాస్త ఒళ్లు చేసింది. ఎవరితోనో బేరమాడుతూ తలెత్తి నన్ను చూసింది. నేను మామూలు చీరలోనే ఉన్నాను. అయినా గుర్తుపట్టింది. చూపు తిప్పుకుంది. నేను రెండడుగులు వేసి ఆగిపోయాను. కాసేపటికి వదిన లేచి నా దగ్గరికి వచ్చింది.

"మాత్రలు ఇగ భద్రాచలంలనే ఇస్తరా, మళ్ల ఆపుతరా అని అడగమంది."

"ఇస్తరు. ఆపరు. ఆపితే నాకు కబురు చెయ్యమను."

వదిన వెళ్లి చెప్పింది. ఆమె తల ఊపి, ఎదురుగా ఉన్న మనిషికి ఆకుల కట్ట అందించింది. మా బస్సు వచ్చింది.